బస్తా మీద చీటీ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నేను పక్కన లేనప్పుడు మా హారికకి జ్వరం వచ్చి, ఎవరో మంచివాళ్ళే దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడ ఎవరో మంచి డాక్టరే తెలియక పెన్సిలిన్ సూది వేసేస్తారని.

హారికకి ఇప్పుడు నాలుగేళ్ళు. ఏడాదిన్నర పిల్లగా ఉన్నప్పుడు ఆ సూది ఒకసారి వేయించాం. పది నిమిషాల్లో పెదాలు ఉబ్బిపోయాయి, మెడంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి ఈలలాగా కూసింది. ఎలాగో దక్కింది. ఈ మందు ఈ పిల్లకి జన్మలో వేయకూడదని డాక్టరు గారు చీటీ రాసిచ్చారు. ఆ చీటీకి ప్లాస్టిక్ వేయించి, బడికి పంపే ప్రతిరోజూ దాని గౌనుకి పిన్నీసుతో గుచ్చుతాను. మా ఆయన కోటేష్ గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో హమాలీ. అది చూసినప్పుడల్లా ఆయనకి నవ్వే.

"ఏమే, పిల్లనుకున్నావా, మిరప బస్తా అనుకున్నావా? లాట్ నంబరు కూడా రాయకపోయావా?"

"రాస్తాలే బావా. నీకూ ఒకటి గుచ్చుతా, తాగొస్తే ఇంట్లోకి రానివ్వకూడదని."

నేను చేసేది బ్రాడీపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగు. కడుపు స్కానింగు కాదు, కాగితాల స్కానింగు. ముప్ఫై ఏళ్ళ కేసుషీట్లు మూటలు కట్టి ఉన్నాయి. పిన్నులు పీకి, మడతలు సాపు చేసి, యంత్రంలో పెట్టి, కంప్యూటర్లో పేరు కొట్టి దాచాలి. ఇంటరు మొదటి సంవత్సరం సగంలో చదువు మానిపించారు కాబట్టి నాకు ఇంగ్లీషు అక్షరాలు కొట్టడం వచ్చు, మాట్లాడటం రాదు. ఆ పనికి అంత చాలు. స్కానింగు అయిన కాగితాలు ఊరి బయట గోడౌనుకి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత ఎవరు చూడాలన్నా కంప్యూటర్లోనే.

మా రికార్డు రూముకి పెద్ద శ్రీమన్నారాయణ గారు. ముప్ఫై ఏళ్ళుగా అదే కుర్చీ. నన్ను పనిలో పెట్టుకున్న మొదటి రోజే ఒక సూత్రం చెప్పారు.

"అమ్మాయ్, మగాళ్ళ ఫైలు మగాళ్ళ పేరు మీద. ఆడవాళ్ళ ఫైలు మొగుడి పేరు మీద, పెళ్ళికాని పిల్లదైతే తండ్రి పేరు మీద. ఎందుకంటావా? ఈ జిల్లాలో నాగమణులు వందమంది. ఏ నాగమణో మొగుడి పేరు చెబితేగానీ తేలదు."

మూటల్లో ఉన్న పద్ధతినే నేను కంప్యూటర్లోకీ ఎక్కించాను. మొగుడి పేరు కొడితే భార్య ఫైలు వచ్చేస్తుంది. అది తెరవడానికి అందరికీ ఒకటే పాస్‌వర్డు. అది కూడా గోడ మీద క్యాలెండర్లో, పాలవాడు రాని రోజులకి సున్నాలు చుట్టిన చోటే రాసి ఉంటుంది. రిసెప్షను, నర్సులు, మందుల షాపు, అందరూ దాంతోనే తెరిచేవాళ్ళు. నాకది చాలా బాగుండేది. ఎవరి కాగితమైనా, ఎవరైనా, ఎప్పుడైనా తీయొచ్చు. నా భయానికి అంతకన్నా మందు ఏముంది?

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం యలమంద అనే మనిషి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చేతిలో బిస్కెట్ల పొట్లం.

"అమ్మా, మా ఆవిడ కోటిరత్నం ఇక్కడ చేయి విరిగి చూపించుకుందంట. నేను దర్శి నుంచి వస్తున్నా. రేషను కార్డులో పని ఉంది, కాగితం నకలు కావాలి. నీ చేతి చలవ తల్లీ."

ఎంత నవ్వుతూ అడిగాడో! ఆయన పేరు కొట్టాను. కోటిరత్నం ఫైలు వచ్చింది. మొదటి పేజీ మీద, అడ్డంగా, ఎర్ర సిరాతో రాసి ఉంది: పెన్సిలిన్ పడదు. మా హారిక లాంటి మనిషే! ఇంట్లో ఉండే మొగుడికి ఈ సంగతి తెలియకపోతే ఎలా అనుకున్నాను. ఆయన అడగకపోయినా ఆ పేజీ కూడా తీసి, ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి మరీ చూపించాను.

"ఇది మర్చిపోవద్దండి. ఈ సూది పడదు ఆమెకి."

"మర్చిపోనమ్మా" అన్నాడు. ఆయన చూపు ఎర్ర అక్షరాల మీద లేదు. వాటి పైన, చిరునామా మీద ఉంది. అది నాకు అప్పుడు పట్టలేదు.

మూడో రోజు పొద్దున ఇద్దరు ఆడవాళ్ళు రికార్డు రూము తలుపు నెట్టుకుని వచ్చారు. ముందున్నావిడ పేరమ్మ, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ మేస్త్రి. వెనకాల, ఎడమ చేతికి ఇంకా పట్టీతో, సన్నటి మనిషి. ఆమే కోటిరత్నం.

"ఈ పిల్ల ఎక్కడుంటుందో వాడికి చెప్పిందెవరు?" అంది పేరమ్మ. "చేయి విరగ్గొట్టింది వాడే. వాడి నుంచి పారిపోయొచ్చి మా తొడిమల షెడ్డులో తలదాచుకుంటే, మీ ఆసుపత్రి కాగితం చేత్తో పట్టుకుని షెడ్డు లోపలికే వచ్చాడు!"

శ్రీమన్నారాయణ గారు లేచి నిలబడ్డారు. "ఏం జరిగిందమ్మా?"

"ఏం జరిగిద్ది? నిన్న వచ్చి జుట్టు పట్టుకున్నాడు. ఇరవైమందిమి ఉన్నాం, ఊరుకుంటామా? పొద్దుటి నుంచీ కాయలు ఒలిచిన చేతులు మావి. 'రావయ్యా అల్లుడూ' అని తలా ఒకళ్ళం వాడి మొహం నిమిరాం. కళ్ళు కనపడక గోడకి గుద్దుకుంటా పోయాడు." పేరమ్మ ఒక్క క్షణం నవ్వింది, మళ్ళీ మొహం ముడుచుకుంది. "ఇవాళంటే మేమున్నాం. రేపో? ఈ పిల్లని ఇంకో చోటికి మార్చాలి. కాగితం ఎవరిచ్చారో చెప్పండి."

"నా రికార్డు రూములోంచి పోయిన కాగితం. నేనిచ్చినట్టే అనుకోండి" అన్నారు శ్రీమన్నారాయణ గారు.

ఆయన వెనక దాక్కుని ఊరుకోవచ్చు. అయినా నోరు ఊరుకోలేదు. "ఆయన కాదండి. నేనిచ్చాను."

పేరమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నీకు ఆడపిల్ల ఉందా?"

"ఉందండి."

"ఉండి కూడా ఇచ్చావా?"

ఉండబట్టే ఇచ్చానని ఎలా చెప్పను? కోటిరత్నం మాత్రం అరవలేదు. మెల్లగా అడిగింది.

"నవ్వుతా అడిగాడా అక్కా?"

"అవును."

"అయితే ఏం చేస్తావులే. నన్నూ అట్టా నవ్వుతానే మా నాన్నని అడిగి చేసుకున్నాడు."

ఆ మాటకి నేను ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను.

ఆసుపత్రి యజమాని పెద్ద డాక్టరు గారికి విషయం తెలిసింది. ఆయన భయపడి కంప్యూటరు కంపెనీ శివనాగరాజుని పిలిపించారు. శివనాగరాజు వచ్చి క్యాలెండర్ చూసి తల పట్టుకున్నాడు. ఒక్క పూటలో అన్నిటికీ తాళం వేసేశాడు. పాత ఫైలు ఏది తెరవాలన్నా శ్రీమన్నారాయణ గారైనా ఉండాలి, తనైనా ఉండాలి. మిగతా అందరికీ స్క్రీను మీద ఒకటే మాట: మీకు అనుమతి లేదు.

"ఇక చీమ కూడా దూరదక్కా" అన్నాడు నాతో.

"మరి డాక్టరో?"

"డాక్టరు అప్లికేషన్ పెట్టుకుంటే ఇరవై నాలుగు గంటల్లో తెరుస్తాం."

ఇరవై నాలుగు గంటలు! హారికకి ఊపిరి అందకుండా పోవడానికి పది నిమిషాలే పట్టింది. ఆ వారమంతా నాకు కలల్లో 'మీకు అనుమతి లేదు' అన్న మూడు మాటలే కనిపించేవి. పొద్దున గౌనుకి చీటీ గుచ్చి, బడి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి పిన్నీసు సరిగ్గా పడిందో లేదో చూసేదాన్ని.

ఏప్రిల్లో, మిట్టమధ్యాహ్నం, కింద క్యాజువాలిటీ నుంచి ఫోను వచ్చింది. పాత ఫైలు కావాలి, కోటిరత్నం, భర్త యలమంద.

పేరు కొట్టాను. మీకు అనుమతి లేదు.

శ్రీమన్నారాయణ గారు చీరాలలో మేనకోడలి పెళ్ళికి వెళ్ళారు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మేళాల్లో ఏం వినబడుతుంది? శివనాగరాజుకి చేశాను.

"అక్కా, నేను డ్రైవింగులో ఉన్నా. ఒంగోలు చేరాక ల్యాప్‌టాప్ తీస్తా. ఈలోపు అప్లికేషన్ పెట్టించు."

ఫోను అక్కడే పడేసి మెట్ల మీద పరిగెత్తాను. నాకు ఆ కాగితం అక్కర్లేదు. ఆ ఎర్ర అక్షరాలు కళ్ళు మూసినా కనిపిస్తాయి.

క్యాజువాలిటీలో కోటిరత్నం మంచం మీద ఉంది. వేలికి ఏదో ముల్లు గుచ్చుకుని చీము పట్టి, మోచేతి దాకా ఎర్రగా పొంగి, జ్వరంతో ఏదేదో కలవరిస్తోంది. పక్కన పేరమ్మ. డ్యూటీ డాక్టరు శిల్ప మేడమ్ పక్కనే నర్సు సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది.

"మేడమ్, అది పెన్సిలిన్ అయితే ఆపండి!"

గదంతా నావైపు తిరిగింది. శిల్ప మేడమ్ చిరాకుగా చూశారు. "ఎవరమ్మా నువ్వు?"

"పైన స్కానింగు సెక్షనండి. ఆమెకి పెన్సిలిన్ పడదు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఉంది."

"ఏది, ఆ పేజీ చూపించు."

"తాళం వేశారండి. నాకు తెరుచుకోదు."

"ఏం చదువుకున్నావు?"

"టెన్త్ పాసండి. ఇంటరు మధ్యలో ఆపేశాను." సిరంజికీ మంచానికీ మధ్యకి జరిగాను. "కానీ మా పాపకి కూడా ఆ మందు పడదండి. ఆ మాట ఎక్కడ రాసి ఉన్నా నేను మర్చిపోను."

నర్సు చేయి గాల్లో ఆగింది. పేరమ్మ నన్ను గుర్తుపట్టింది. ఆ రోజు తిట్టిన నోటితోనే అంది: "డాక్టరమ్మా, ఈ పిల్ల అబద్ధం ఆడదు. తన తప్పు తనే ఒప్పుకున్న మనిషి."

శిల్ప మేడమ్ రెండు క్షణాలు నా మొహం చూశారు. తర్వాత నర్సుతో, "పక్కన పెట్టు. వేరే మందు రాస్తా" అన్నారు.

సాయంత్రం నాలుగింటికి శివనాగరాజు తాళం తీశాడు. శిల్ప మేడమ్ స్వయంగా రికార్డు రూముకి వచ్చి స్క్రీను ముందు నిలబడ్డారు. ఎర్ర అక్షరాలు వాటి చోట అవి ఉన్నాయి. వెళ్తూ నా భుజం మీద చేయి వేసి, "రేపు పెద్ద డాక్టరు గారి దగ్గరికి నువ్వూ వస్తున్నావు" అన్నారు.

ఆ గదిలోకి నేను అంతకుముందు టీ కప్పులు తేవడానికి తప్ప వెళ్ళలేదు. చీరాల నుంచి పొద్దున్నే దిగిన శ్రీమన్నారాయణ గారి పక్కన కుర్చీ అంచున కూర్చున్నాను. శిల్ప మేడమ్ అన్నీ తెరిచి ఉంచాలన్నారు, శివనాగరాజు ఒప్పుకోలేదు.

"మేడమ్, తెరిస్తే ఆ మొగుడు మళ్ళీ వస్తాడు. తాళమంటే ఉండాలి, లేకపోతే లేదు. సగం తాళం అనేది ఉండదు."

"ఉంటుందండి" అన్నాను.

అందరూ చూశారు. కోటేష్ నవ్వు, హారిక గౌను కళ్ళ ముందుకి వచ్చాయి. ఇక ఆగలేదు.

"మా ఆయన పనిచేసే కోల్డ్ స్టోరేజీలో ఉంటుంది. ప్రతి బస్తాకీ బయట చీటీ ఉంటుందండి. ఏ రకం కాయ, ఏ లాటు అన్నది ఏ హమాలీ అయినా చదవొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. బస్తా విప్పాలంటే మాత్రం రైతు రావాలి, లేదా రైతు ఫోన్లో ఊ అనాలి. పెన్సిలిన్ పడదన్న మాట చీటీ మీద మాటండి. మూర్ఛలున్నాయా, షుగరుందా, ఏ గ్రూపు రక్తం, ఇవి ఏ డాక్టరుకైనా తాళం లేకుండా కనబడాలి. ఇంటి చిరునామా బస్తాలో సరుకు. అది ఆ మనిషి ఊ అంటేనే."

పెద్ద డాక్టరు గారు కళ్ళజోడు తీశారు. "రైతు స్పృహలో లేకపోతే? బస్తా విప్పక తప్పకపోతే?"

"అగ్గి పడితే గొడ్డలితో తలుపు పగలగొడతారండి, తాళం కోసం చూడరు. కానీ తెల్లారేసరికి పగిలిన తలుపు అందరికీ కనబడుతుంది. డాక్టరు గారు పగలగొట్టాల్సి వస్తే పగలగొట్టనివ్వండి. ఎవరు పగలగొట్టారో, ఎందుకో పేరుతో సహా కంప్యూటర్లో పడాలి. ఆ మనిషి ఫోనుకీ కబురు వెళ్ళాలి."

శివనాగరాజు ల్యాప్‌టాప్ తెరిచాడు. "చేయొచ్చు సార్. మూడు వారాలు పడుతుంది."

"ఇంకొకటండి" అన్నాను. నాకే నా ధైర్యం చూసి భయమేసింది. "ఆడవాళ్ళ ఫైళ్ళు ఆడవాళ్ళ పేరు మీదే ఉండాలి."

ఈసారి శ్రీమన్నారాయణ గారు కదిలారు. "అమ్మాయ్! నాగమణులు వందమంది!"

"ఊరి పేరు, పుట్టిన ఏడు కలిపి కొడదాం బాబాయ్ గారూ. వందమందీ వేరు పడతారు."

మర్నాటి నుంచి ఆయన చదివేవారు, నేను కొట్టేదాన్ని. పద్దెనిమిది వేల పైచిలుకు పేర్లు. రెండో వారంలో ఒక ఫైలు దగ్గర ఆయన చదవడం ఆపేశారు. స్క్రీను మీద ఆయన పేరే ఉంది, శ్రీమన్నారాయణ అని. లోపల తెరిస్తే ఆడమనిషి కేసుషీటు. ఏడేళ్ళ కిందట పోయిన ఆయన భార్యది.

"రాఘవమ్మ" అన్నారు. గొంతు సవరించుకున్నారు. "రాఘవమ్మ అని కొట్టు తల్లీ. ఇన్నేళ్ళూ నా పేరు కింద పడి ఉంది."

కొట్టాను. ఆయన పంచె చెంగుతో కళ్ళు తుడుచుకుని తర్వాతి పేరు చదివారు.

జూన్ చివర్లో యలమంద మళ్ళీ వచ్చాడు. అదే ఇస్త్రీ చొక్కా, అదే నవ్వు, ఈసారి పెద్ద పొట్లం. దాన్ని కిటికీలోంచి నా బల్ల మీద పెట్టాడు. కిటికీ ముందు వరసలో పదిమంది ఉన్నారు. బల్ల కింద ఒక చేత్తో ఇంకో చేయి గట్టిగా పట్టుకున్నాను.

"బాగున్నావా తల్లీ? పోయినసారి ఇచ్చిన కాగితం తడిసిపోయింది. కొత్త చిరునామాతో ఇంకోటి తీసిపెట్టు."

ఆయన పేరు కొట్టాను. స్క్రీను అటు తిప్పి చూపించాను. "యలమంద పేరు మీద ఏ ఫైలూ లేదండి. మీరు చూపించుకుంటే ఉంటుంది."

"నాది కాదమ్మా, మా ఆవిడది. కోటిరత్నం."

"ఎవరి కాగితమైనా సరే, ముందు వాళ్ళ ఫోనుకి అడుగుతుందండి. వాళ్ళు సరే అంటేనే తెరుచుకుంటుంది. మీ పేరు, ఊరు చెప్పండి, రాసుకోవాలి."

నవ్వు కొంచెం తగ్గింది. అయినా చెప్పాడు. చెబితే పని అవుతుందనుకున్నాడు. మీట నొక్కాను. నిమిషం గడిచింది. వరసలో ఎవరో దగ్గారు. రెండో నిమిషంలో స్క్రీను మీద చిన్న ఎర్ర గుర్తు పడింది.

"తెరుచుకోలేదండి."

"తెరుచుకోకపోవడమేంది? నేను మొగుణ్ణి!" కిటికీ బల్ల మీద గుద్దాడు.

వరసలో మూడో మనిషి, చేతికర్ర పట్టుకున్న ఒక ముసలావిడ, తాపీగా అంది: "మొగుడివైతే ఇంట్లో అడగవయ్యా. ఆసుపత్రి కిటికీలో అడుగుతావేంది?"

వరసంతా గొల్లున నవ్వింది. యలమంద మొహం మాడిపోయింది. గిరుక్కున తిరిగాడు.

"ఏవండీ, మీ బిస్కెట్లు" అని పిలిచి, పొట్లం కిటికీలోంచి చాచి పట్టుకున్నాను. ఆయన వెనక్కి వచ్చి, అంతమంది ముందు, తన పొట్లం తాను తీసుకుని వెళ్ళాడు.

వచ్చిన రోజు, గంట, ఆయన చెప్పిన పేరు కంప్యూటర్లో ఉండిపోయాయి. ఆ పేజీ నకలు తీసి కోటిరత్నానికి ఇచ్చాం. ఆమె దాన్ని స్టేషన్లో తన ఫిర్యాదుకి జతచేసింది. ఆ తర్వాత ఆయన గుంటూరులో కనబడలేదు.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చిన రోజు సాయంత్రమే ఆమె నాకు ఫోను చేసింది. "వద్దు అని నొక్కింది నేనే అక్కా. రెండు నిమిషాలు నొక్కలేకపోయా. భయం వేసి కాదు. నన్ను ఒకళ్ళు 'సరేనా' అని అడగడం జన్మలో ఇదే మొదటిసారి. ఆ అక్షరాలు చూసుకుంటా కూర్చున్నా."

ఇంటికి రాగానే కోటేష్‌కి చెప్పాను, మీ బస్తా చీటీయే ఆసుపత్రిలో పెట్టారని. ఆయన ఆ రాత్రి అన్నం తింటూ పక్కింటి వాళ్ళకి కూడా వినబడేలా అన్నాడు: "మా ఆవిడ డాక్టర్లకి పాఠం చెప్పిందిరా!" మర్నాడు పొద్దున హారిక గౌనుకి పిన్నీసు గుచ్చింది ఆయనే. రెండుసార్లు లాగి చూశాడు కూడా.

నా భయం పోలేదు. బడి గేటు దగ్గర ఇప్పటికీ వెనక్కి తిరుగుతాను. కానీ మా ఆసుపత్రిలో ఏ డాక్టరు ఏ పేరు కొట్టినా మొదట కనబడేది ఆ ఎర్ర చీటీయే.

కోటిరత్నం అసలు పేరు అది కాదు, నేను మార్చాను. ఇప్పుడు ఎక్కడ ఉంటుందో కూడా చెప్పను. ఆమె ఊ అనలేదు. కాబట్టి ఆమెని చూసి రమ్మని మిమ్మల్ని అడగలేను. అయితే మీ వీధిలో ఈ మధ్య ఒంటరిగా వచ్చి, మొగుడి పేరు అడిగితే మాట మార్చే మనిషి ఎవరైనా దిగి ఉంటే, ఆమె ఊరేంటో అడగకండి, ఆమె సంగతి ఇంకొకరికి చెప్పకండి. ఇవాళ ఒకసారి వెళ్ళి తలుపు తట్టి, ఒంట్లో ఎలా ఉంది, అన్నం తిన్నావా అని కనుక్కుని రండి.